హోల్డాన్: పాత్ర వేసి ఆడే ఆటతో నాకు జరిగిన థెరపీ

థెరపిస్ట్ ఒక కాగితం నా ముందుకు జరిపాడు. దాని మీద ఆరు అంకెలున్నాయి: 15, 14, 13, 12, 10, 8.

"మీ పాత్రకి ఆరు గుణాలుంటాయి. బలం, చురుకుదనం, ఓర్పు, తెలివి, వివేకం, ఎదుటివాళ్లని మాటతో ఒప్పించే శక్తి. ఏ అంకె దేనికివ్వాలో మీ ఇష్టం" అన్నాడు.

నేను క్షణం కూడా ఆలోచించలేదు. మాట పక్కన 8 రాసేశాను. మిగతా ఐదూ తర్వాత చూసుకోవచ్చు అనిపించింది.

"అన్నిటికంటే ముందు అదే ఎందుకు రాశారు?"

"నాకున్నది అంతే కాబట్టి."

"ఇది మీరు కాదు కదా. తనకింకా పేరు కూడా పెట్టలేదు" అన్నాడు. మార్చమని మాత్రం అనలేదు. "8 తోనే ఉంచండి. 8 ఉన్న మనిషి ఏం చేస్తుందో చూద్దాం."

2023 జనవరిలో ఒక గురువారం సాయంత్రం, అమెరికాలోని సియాటెల్ పక్కన ఒక చిన్న క్లినిక్‌లో నా గ్రూప్ థెరపీ అలా మొదలైంది. పన్నెండు వారాలు సాగింది. మందులు లేవు, సోఫాలో పడుకుని చిన్ననాటి సంగతులు చెప్పడం లేదు. ఒక టేబుల్, ఐదుగురు మనుషులు, రంగురంగుల డైస్, డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట. నాలాగా బయటికి బాగానే ఉండి లోపల నలిగిపోతున్నవాళ్లు మనవాళ్లలో చాలామంది ఉన్నారని నాకు తెలుసు. వాళ్లకోసమే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

మేముండేది సియాటెల్ దగ్గర బోతెల్ అనే ఊళ్లో. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. "సరే" అనేది నా నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట. శనివారం రిలీజుందంటే సరే. మా ఆయన కజిన్ స్నేహితుణ్ణి తెల్లవారుజామున ఎయిర్‌పోర్ట్ నుంచి తేవాలంటే సరే. పక్క టీమ్‌లో ఎవరో సెలవు పెడితే వాళ్ల పని కూడా సరే. ఇది మంచితనమని చిన్నప్పటినుంచీ అందరూ అంటుంటే నేనూ అలాగే అనుకున్నాను. దానికితోడు 2021 తర్వాత ఇంకోటి మొదలైంది. రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ మోగితే గుండె గొంతులోకి వచ్చేసేది. చేతులు చల్లబడేవి. డాక్టర్ ఈసీజీ తీయించాడు, థైరాయిడ్ చూశాడు, అంతా నార్మల్. ఒకసారి థెరపిస్ట్‌ని కలవమని రాసిచ్చాడు.

నాలుగు నెలలు వారం వారం వెళ్లాను. ఎదురుగా కూర్చుని ఎలా ఉన్నారని అడిగితే "బాగానే ఉన్నాను" అనేదాన్ని. నాన్న కోవిడ్‌లో పోయాడని చెప్పాను గానీ, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాను. ఒకరోజు ఆయన అన్నాడు: "మీరు నన్ను కూడా ఇబ్బంది పెట్టకూడదని చూస్తున్నారు. నేను బాధపడతానని మీ బాధ చెప్పట్లేదు." అది నిజం. ఆ తర్వాతి వారమే ఈ గ్రూప్ సంగతి చెప్పాడు.

ఇంట్లో చెప్తే మా ఆయన ముందు నమ్మలేదు. ఆ రాత్రే నెట్‌లో వెతికి, కంగారుగా నా దగ్గరకొచ్చాడు. ఈ ఆటకి పాత చరిత్ర ఉంది. 1974లో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసి విస్కాన్సిన్‌లోని లేక్ జనీవా అనే చిన్న ఊరి నుంచి అమ్మారు. 1979లో మిషిగన్‌లో ఒక కాలేజీ కుర్రాడు కనిపించకుండా పోతే, ఈ ఆట ఆడుతూ యూనివర్సిటీ కింద సొరంగాల్లోకి వెళ్లిపోయాడని పేపర్లలో పుకారు నడిచింది. అసలు కారణం ఆ పిల్లవాడి డిప్రెషన్. కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి 1983లో ఈ ఆటకు వ్యతిరేకంగా సంఘమే పెట్టింది. అవన్నీ చదివి మా ఆయన "దీన్లోకి దిగితే మనసు ఇంకా పాడవుతుందేమో" అన్నాడు. అది నా మీద ప్రేమతో అన్న మాటే. ఆ భయం తీసుకునే థెరపిస్ట్ దగ్గరికెళ్లాను.

ఆయన తేలిగ్గా తీసేయలేదు. చాలామంది తల్లిదండ్రులు ఇప్పటికీ ఇదే అడుగుతారన్నాడు. వేన్ బ్లాక్‌మన్ అనే డాక్టర్, ఎవరితోనూ కలవలేని ఒక యువకుడికి ఈ ఆట ద్వారానే థెరపీ చేసి, ఆ సంగతి 1994లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకోథెరపీలో రాశాడని చెప్పాడు. అంతకు చాలా ముందే మొరెనో అనే వైద్యుడు మనుషుల చేత పాత్రలు వేయించి వాళ్ల కష్టాలను వేదిక మీదికి తెచ్చే సైకోడ్రామా పద్ధతి మొదలుపెట్టాడట. మా సియాటెల్ ప్రాంతంలోనే గేమ్ టు గ్రో అనే సంస్థ పిల్లలతో, ముఖ్యంగా ఆటిజం ఉన్న పిల్లలతో, ఈ తరహా ఆటలు ఆడిస్తోంది. ఆటను ఇప్పుడు అచ్చువేసే కంపెనీ కూడా మా ఇంటికి దగ్గర్లోనే, రెంటన్‌లో ఉంది. రోజూ ఆ దారిలో వెళ్తూ కూడా నాకు తెలియదు.

"ఆట దానంతటది వైద్యం కాదు. ఆటకు ముందు పావుగంట, తర్వాత అరగంట మాట్లాడుకుంటాం. మధ్యలో జరిగేది ఆ మాటలకి సరుకు" అన్నాడు. ఇన్సూరెన్స్‌లో గ్రూప్ థెరపీ కిందే వచ్చింది. మామూలుగా పేషెంటు కట్టాల్సిన వాటా (కో-పే) మాత్రమే కట్టాను.

నాకు మాత్రం వేషం అనేది మరీ కొత్తగా అనిపించలేదు. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊరికి పగటివేషగాళ్లు వచ్చేవాళ్లు. పొద్దున మా అరుగు మీద మంచినీళ్లడిగి తాగిన మనిషే మధ్యాహ్నానికి శివుడి వేషంలో వీధిలో నిలబడితే, అమ్మమ్మ చెంగు సర్దుకుని దణ్ణం పెట్టేది. ఆయనెవరో ఆవిడకి తెలుసు. అయినా పెట్టేది.

మొదటి వారం ఆట లేదు. ఏం ఆడదాం, ఏం వద్దు అనేది మాట్లాడుకున్నాం. ఒకరు సాలీళ్లు వద్దన్నారు. ఒకరు పిల్లలకి హాని జరిగే సీన్లు వద్దన్నారు. నా వంతు వచ్చినప్పుడు "నాకేం ఫరవాలేదు, ఏదైనా సరే" అన్నాను. ఆయన నా వైపు ఒక్కసారి చూసి రాసుకున్నాడు. ఆ తర్వాత టేబుల్ మధ్యలో ఒక కార్డు పెట్టాడు. దాని మీద పెద్ద ఇంటూ గుర్తుంది. ఎక్స్ కార్డ్ అంటారు. జాన్ స్టావ్రోపౌలోస్ అనే గేమ్ డిజైనర్ తెచ్చిన పద్ధతి. ఆటలో ఏదైనా భరించలేకపోతే ఆ కార్డు మీద వేలు పెడితే చాలు, ఆ సీన్ అక్కడితో ఆగిపోతుంది. కారణం చెప్పనక్కర్లేదు, ఎవరూ అడగరు.

నా పాత్ర దొంగ. ఆటలో రోగ్ అంటారు. నీడలో నడుస్తుంది, ఎవరి కంటా పడదు. అందుకే ఎంచుకున్నాను. పేరు గవ్వ. సెలవుల్లో అమ్మమ్మతో అష్టాచెమ్మా ఆడేటప్పుడు నా గుప్పెట్లో ఉండే గవ్వలు గుర్తొచ్చి పెట్టాను. మిగతావాళ్లకి పలకడం కష్టమై రెండు వారాలు సాధన చేశారు. నాలుగో వారానికి అందరి నోటా చక్కగా "గవ్వ" అని వినపడుతుంటే నాకేదో తెలియని సంతోషం కలిగేది. మిగతావాళ్ల సొంత విషయాలు రాయను, అది మేము ఒకరికొకరు ఇచ్చుకున్న మాట. పాత్రల వరకు చెప్తాను: గొడ్డలి పట్టుకున్న ఒక భారీ యోధుడు, దేవుణ్ణి నమ్మని ఒక పూజారి, పాటలతో మంత్రమేసే గాయని, తోడేలుతో తిరిగే వేటగాడు.

ఆట తీరు ఇలా ఉంటుంది. థెరపిస్ట్ కథ చెప్తాడు, ఊళ్లో ఉన్న మిగతా మనుషులందరి మాటా ఆయనే మాట్లాడతాడు. "మీరేం చేస్తారు?" అని అడుగుతాడు. మనం చెప్తాం. జరుగుతుందో లేదో తెలియని పనికి ఇరవై ముఖాల డైస్ వేస్తాం. రెండో థెరపిస్ట్ ఒకావిడ పక్కన కూర్చుని మమ్మల్ని గమనించేది.

మూడో వారం, నది దాటడానికి పడవవాణ్ణి ఒప్పించాలి. అందరూ నావైపు చూశారు, ఎందుకంటే గవ్వ ఒక్కదానికే ఆ ఊరి భాష వచ్చు. అంతకుముందు అది నేనే సరదాగా రాసుకున్నాను. 15 రావాలి అన్నాడు థెరపిస్ట్. మాటలో 8 ఉంటే వేసినదాంట్లోంచి ఒకటి తీసేయాలి. అంటే డైస్ మీద 16 గానీ ఆపైన గానీ పడాలి. నాలుగింట ఒక వంతు అవకాశం. నా చెవులు వేడెక్కాయి. ఆట అని తెలుసు, అయినా ఆఫీసులో స్టేటస్ కాల్‌లో నా పేరు పిలిచినప్పుడు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది.

"ఎవరినైనా సాయం అడగొచ్చు" అన్నాడు. "అడిగితే రెండు డైస్ వేసి పెద్దది తీసుకుంటారు."

అడగడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్పలేను. చివరికి గాయని వైపు తిరిగి "కొంచెం సాయం చేస్తారా" అన్నాను. ఆవిడ "నువ్వెప్పుడు అడుగుతావా అని చూస్తున్నా" అంది. ఒకటి 4 పడింది, రెండోది 17. అందరూ టేబుల్ మీద చరిచారు. ఆ రాత్రి మాట్లాడుకునేటప్పుడు రెండో థెరపిస్ట్ ఒకే ప్రశ్న వేసింది: "ఈ నెలలో బయట ఎవరినైనా సాయం అడిగారా?" నెలేమిటి, గడిచిన ఏడాదిలో కూడా ఒక్కటీ గుర్తు రాలేదు.

ఐదో వారం సంగతి చెప్పడానికే అసలు ఇదంతా రాస్తున్నాను.

మా పాత్రలు ఒక కొండ ఊరికి చేరాయి. అక్కడ జ్వరం ప్రబలింది. వైద్యశాల లోపలికి ఎవర్నీ రానివ్వరు. కిటికీలోంచి చూడొచ్చు. మంచం మీద ఒక ముసలాయన గవ్వను చూసి చెయ్యెత్తి ఏదో చెప్పబోతున్నాడు, వినపడట్లేదు. అంతలో కోట గంట మోగింది. దళనాయకుడు పిలుస్తున్నాడు, అందరూ వెళ్లాలి. "గవ్వా, ఏం చేస్తున్నావు?"

నా నోట్లోంచి "సరే, వెళ్తాను" అన్న మాట రాబోయింది. పెదాలు కదిలాయి కూడా. డైస్ చేతిలో ఉంది, దాని అంచులు అరచేతిలో గుచ్చుకుంటున్నాయి. ఊపిరి పైపైనే ఆడుతోంది. నేను చెయ్యి చాపి ఆ కార్డు మీద వేలు పెట్టాను.

ఆయన వాక్యం మధ్యలో ఆగిపోయాడు. "సరే. ఆ ఊరు వద్దు. మీరు ముందురోజు దారిలోనే ఉన్నారు, మంట వేసుకుని కూర్చున్నారు" అని కథను వెనక్కి తిప్పేశాడు. యోధుడు కట్టెలు తెస్తానన్నాడు. పూజారి చారు కాస్తానన్నాడు. ఎవరూ నా ముఖంలోకి చూడలేదు. ఏమైందని ఎవరూ అడగలేదు.

మా నాన్న ఆర్టీసీలో కండక్టర్. చిన్నప్పుడు ఆయన బస్సులో వెళ్తే తాడు లాగి గంట కొట్టనిచ్చేవాడు. రెండుసార్లు కొడితే రైట్ రైట్, బస్సు కదులుతుంది. ఒక్కసారి కొడితే హోల్డాన్, ఆగుతుంది. ఎందుకు ఆపావని డ్రైవరు అడగడు. లోపల ఎవరో దిగాలి, లేదా ఎవరో పడ్డారు, ఏదో ఉండే ఉంటుంది. ముందు బస్సు ఆపుతాడు. ముప్ఫై ఆరేళ్ల వయసులో మొదటిసారి నేను హోల్డాన్ అన్నాను, ఒక గది నిండా మనుషులు ఆగారు. ఆ రోజు చివర్లో నేనేం మాట్లాడలేదు. కారులో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నాన్న పోయాక అలా ఏడవడం అదే మొదలు.

తర్వాతి వారం థెరపిస్ట్‌ని విడిగా కలిసినప్పుడు చెప్పాను. 2021 మే. నాన్న గుంటూరులో ఆసుపత్రిలో ఉన్నాడు. ఇండియా నుంచి వచ్చేవాళ్ల మీద అమెరికా ఆ నెల 4 నుంచి ఆంక్షలు పెట్టింది. నా వీసా స్టాంపు గడువు అయిపోయింది, వెళ్తే ఎప్పుడు తిరిగొస్తానో తెలియదు. వెళ్లలేదు. అందరికీ తెలిసిన కథ అంతవరకే. ఎవరికీ చెప్పనిది ఒకటుంది. ఆరోజు నాకు సాయంత్రం, ఆయనకి తెల్లవారింది. వీడియో కాల్‌లో ఆక్సిజన్ మాస్క్ కొంచెం పక్కకి లాగి ఏదో చెప్పబోయాడు. అదే సమయానికి నా ల్యాప్‌టాప్‌లో మీటింగ్ రిమైండర్ మోగింది. "మీటింగుంది నాన్నా, రాత్రికి చేస్తాను" అని పెట్టేశాను. నేను లేకపోయినా జరిగిపోయే మీటింగది. రానని ఒక్క ముక్క పెట్టడానికి నాకు నోరు రాలేదు. రాత్రి తొమ్మిదిన్నరకి తమ్ముడు ఫోన్ చేశాడు.

థెరపిస్ట్ విన్నాడు. మీ తప్పేం లేదని అనలేదు, అందుకు ఆయనకి రుణపడి ఉంటాను. ఆ మాట చాలామంది అనగలరు. "ఆ సీన్ మళ్లీ కావాలా? ఎప్పుడు, ఎలా అనేది మీరే చెప్పండి. వద్దంటే ఎప్పటికీ రాదు" అన్నాడు. మూడు వారాలు ఆలోచించి, కావాలన్నాను. ఎలా జరగాలో ఇద్దరం కాగితం మీద రాసుకున్నాం. గ్రూపుకి కూడా నేనే చెప్పాను, టూకీగా.

ఇది అందరికీ పడుతుందని నేను చెప్పను. మా ఐదుగురిలో ఒకరికి ఆట అయ్యాక కూడా పాత్ర కోపం దిగేది కాదు. పాత్ర భావాలు మనిషిలోకి, మనిషివి పాత్రలోకి ఇంకడాన్ని వాళ్లు బ్లీడ్ అంటారు. అది శ్రుతి మించుతోందని థెరపిస్టులే గమనించి, ఆ మనిషిని విడిగా చేసే థెరపీకి మార్చారు. అందుకే ఎవరైనా స్నేహితులతో ఇంట్లో ఆడి ఇదే థెరపీ అనుకుంటే నాకు భయం వేస్తుంది. ఆట సరదాగా ఆడుకోవచ్చు, నేనూ ఆడతాను. గాయం మీద చెయ్యి పెట్టేటప్పుడు మాత్రం దాన్ని చూడటం వచ్చినవాళ్లు ఆ గదిలో ఉండాలి.

పదో వారం. అదే ఊరు, అదే కిటికీ. ముసలాయన చెయ్యెత్తాడు. గంట మోగింది. థెరపిస్ట్ దళనాయకుడి గొంతుతో గట్టిగా అన్నాడు: "గవ్వా, పనుంది. రా."

నేను డైస్ తీసుకున్నాను. "రాను" అన్నాను. గొంతు సన్నగా వచ్చింది. డైస్ వేయబోతుంటే ఆయన ఆపాడు.

"దేనికి వేస్తున్నారు?"

"ఆయన ఒప్పుకుంటాడో లేదో చూడాలి కదా."

"ఆయన ఒప్పుకోవాలంటే డైస్ కావాలి. గవ్వ రాకపోవడానికి అక్కర్లేదు. రానంది. రాదు. అంతే."

యోధుడు కుర్చీలోంచి లేచి, నిజంగానే లేచి, నాకూ ఆయనకీ మధ్య నిలబడ్డాడు. "తలుపు దగ్గర నేనున్నాను" అన్నాడు. గాయని పాడకుండా నా పక్కకి కుర్చీ జరుపుకుంది. నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉండొచ్చన్నాడు. ఏం మాట్లాడానో సగమే గుర్తుంది. ఇంగ్లీషులో మొదలుపెట్టాను గానీ రెండు మాటల తర్వాత తెలుగులోకి వచ్చేశాను. ఆ గదిలో ఒక్కరికీ తెలుగు రాదు. అందరూ అలాగే కూర్చుని విన్నారు. బయట వాన పడుతోంది, హీటర్ చప్పుడు వినపడుతోంది. చివర్లో థెరపిస్ట్ మెల్లగా అడిగాడు, ఆ ముసలాయన గవ్వతో ఏమంటాడని. "తిన్నావా అంటాడు" అన్నాను. ఇంకేమీ తోచలేదు. నాన్న ఎప్పుడూ ముందు అదే అడిగేవాడు.

గ్రూప్ అయిపోయాక, ఏప్రిల్‌లో, ఒక శనివారం రిలీజుకి రాలేనని మేనేజర్‌కి రాశాను. రాసిన మెసేజ్ రెండు గంటలు పంపకుండా ఉంచి, తర్వాత పంపాను. "ఓకే" అని జవాబొచ్చింది. రాత్రి ఫోన్లకి గుండె ఇంకా అదురుతుంది, ముందంత కాదు.

ఆ శనివారం పొద్దున అమ్మకి ఫోన్ చేశాను. రెండేళ్లలో ఎప్పుడూ అడగనిది అడిగాను. ఆఖరిరోజు నాన్న ఏమన్నాడమ్మా, నేను ఫోన్ పెట్టేశాక?

అమ్మ కాసేపు మాట్లాడలేదు. అప్పుడు తనకీ కోవిడే, ఇంట్లో వేరే గదిలో ఉంది.

"నీతో మాట్లాడాక నాకు చేశారే. అమ్మాయికి మీటింగుందట, రాత్రికి చేస్తుందట అన్నారు. నోరు చేదుగా ఉంది, బత్తాయి రసం పంపమన్నారు."

"పంపావా?"

"తమ్ముడు తీసుకెళ్లి ఇచ్చొచ్చాడు. సగం గ్లాసు తాగారట."